దూరవిద్యలో ఎం.ఏ. చరిత్ర: నలభై ఒకటో ఏట మొదలుపెట్టవచ్చా?

మిరపతోట · ఆదివారం, రాత్రి 10.40

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. బి.కాం. పూర్తయి పంతొమ్మిదేళ్ళు దాటింది. ఆ తరువాత పరీక్ష అన్నది రాయలేదు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో పిల్లలను తీసుకుని నేలకొండపల్లి బౌద్ధ స్తూపం చూడటానికి వెళ్ళాం. మా వాడు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "దీనికి డబ్బు ఎవరు పెట్టారమ్మా?" అన్నాడు. లెక్కలు రాసేవాళ్ళ కొడుకు కదా, వాడికి మొదట పుట్టే ప్రశ్న అదే. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చాక ఫోనులో దొరికింది దొరికినట్టు చదివాను. ఒకచోట రాసింది ఇంకోచోట లేదు. ఏది నమ్మాలో తేల్చుకునే పద్ధతి ఒకటి ఉంటుంది కదా, అది నేర్చుకోవాలనిపించింది. అందుకే ఎం.ఏ. చరిత్ర.

అడగాలనుకున్నవి మూడు. దూరవిద్య, ఆన్‌లైన్ అని రెండు పేర్లు వినబడుతున్నాయి, రెండూ ఒకటేనా? ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ నిజంగా పూర్తి చేసినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? మూడోది, రోజుకు రెండుసార్లు ఒకాయన ఫోను చేసి "ఈ రోజే సీటు ఖాయం చేసుకోండి మేడం, రేపటికి ఉండదు" అంటున్నాడు. దూరవిద్యలో కూడా సీట్లు అయిపోతాయా?

సాగర్‌కాలువ · ఆదివారం, రాత్రి 11.05

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. ఆ నంబరును ఆపేయండి. 2020 సెప్టెంబరులో యూజీసీ (విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ) తెచ్చిన నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయాలు ఈ కోర్సులను ఫ్రాంచైజీకి ఇవ్వకూడదు. మధ్యలో ఎవరో డబ్బు అడుగుతున్నారంటే అక్కడే తేడా ఉందని అర్థం.

దూరవిద్య, ఆన్‌లైన్ ఒకటి కావు. దూరవిద్యలో అచ్చు పుస్తకాలు, అధ్యయన కేంద్రం, సెలవు రోజుల్లో కాంటాక్టు తరగతులు, పెన్నుతో రాసే పరీక్ష ఉంటాయి. ఆన్‌లైన్‌లో వీడియో పాఠాలు, చదువుకునే సామగ్రి, చర్చలు అన్నీ కంప్యూటర్ మీదే. పరీక్ష కేంద్రంలో కంప్యూటర్ మీద గానీ, ఇంట్లో కెమెరా నిఘాలో గానీ రాయాలి. ఇంకో తేడా ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయం దూరవిద్యను తన రాష్ట్రంలోనే నడపాలి. ఆన్‌లైన్‌కు ఆ హద్దు లేదు.

గుర్తింపు ఉన్న చోట చేస్తే రెండు డిగ్రీలూ మామూలు డిగ్రీతో సమానమేనని అవే నిబంధనలు చెబుతున్నాయి. యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో విశ్వవిద్యాలయం పేరు ఉంటే చాలదు, మీరు చేరే కోర్సు పేరు, మీరు చేరే సంవత్సరం కూడా ఉన్నాయో లేదో చూసుకోండి. 2024 నుంచి చేరేవాళ్ళు ముందుగా డెబ్ ఐడీ, అంటే ఆ దూరవిద్యా విభాగం ఇచ్చే గుర్తింపు సంఖ్య, తీసుకోవాలి. అది ఏబీసీ ఐడీతో, అంటే మన క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా సంఖ్యతో, ముడిపడి ఉంటుంది. రెండూ మీరే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, ఎవరికీ పైసా ఇవ్వనక్కరలేదు.

ఉక్కుపిడుగు · సోమవారం, ఉదయం 6.15

నేను ఎవరికీ నచ్చని మాట చెబుతాను, తిట్టుకోకండి. చరిత్ర ఎం.ఏ. మీకు జీతం పెంచదు. కోల్డ్ స్టోరేజీ యజమాని మీ చేతిలో పట్టా చూసి మురిసిపోడు. తెలుసుకోవడమే కావాలంటే ప్రభుత్వమే 2017లో 'స్వయం' అనే ఆన్‌లైన్ పాఠాల వేదిక తెచ్చింది. అందులో చరిత్ర పాఠాలు ఉచితంగా వినవచ్చు, సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్ష రుసుము. ఉచితంగా దొరికేదాన్ని రెండేళ్ళు డబ్బు కట్టి చదవడం ఎందుకో నాకు అర్థం కాదు. నేను కూడా ఒకప్పుడు రాజనీతి శాస్త్రంలో చేరాను. పుస్తకాల పార్సిల్ వచ్చింది. ఇప్పటికీ అటక మీద ఉంది, టేపు కూడా విప్పలేదు.

ఎర్రసిరా · సోమవారం, ఉదయం 9.30

ఉక్కుపిడుగు గారూ, టేపు విప్పనిది మీరు, తప్పు చరిత్రదా?

సరదాకి అన్నాను లెండి. నేను డిగ్రీ కళాశాలలో చరిత్ర చెప్పి విశ్రాంత జీవితంలో ఉన్నవాణ్ణి. పదకొండేళ్ళు ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారాలు తరగతులు చెప్పాను, అసైన్‌మెంట్లు దిద్దాను. ఏ కేంద్రమో అడగకండి. ఈ చదువులో లోపల జరిగేది ఒకటి చెబుతాను.

ఒక ఏడాది నా ముందుకు వచ్చిన కట్టలో ఇరవై ముగ్గురు ప్లాసీ యుద్ధం 1764లో జరిగిందని రాశారు. 1764 బక్సార్ యుద్ధం, ప్లాసీ 1757. తప్పు చేయడం తప్పు కాదు. ఇరవై ముగ్గురు ఒకే తప్పు చేయడమే విడ్డూరం. విచారిస్తే, పక్క వీధి జిరాక్సు దుకాణంలో చేతిరాత జవాబులు అమ్ముతున్నారని తెలిసింది. రాసినవాడు ఒక్కసారి పొరబడ్డాడు, మిగతావాళ్ళు నిష్ఠగా ఎక్కించారు. ఆ కట్టలో ఒకావిడ మాత్రం ప్లాసీని 1756 అని రాసింది. ఆ కాగితం చూడగానే ప్రాణం లేచి వచ్చింది. అది ఆవిడ సొంత తప్పు! ఆ కాగితానికి నేను మార్జిన్ నిండా రాశాను. మిగతావాటికి ఒక టిక్కు, ఒక సున్న, ఒక సంతకం.

చెప్పొచ్చేదేమిటంటే, వీడియో పాఠం ఎంత బాగున్నా అది మీకు చెబుతుంది, మీ మాట వినదు. చరిత్ర, తత్వశాస్త్రం, సాహిత్యం లాంటి వాటిలో చదువు జరిగేది మీరు ఒక పేజీ రాసి, దాన్ని ఇంకొకరు శ్రద్ధగా చదివి, "ఇది ఎలా తెలిసింది నీకు?" అని అడిగినప్పుడు. కోర్సు ఎంచుకునేటప్పుడు వీడియోలు ఎన్ని అని అడగకండి. నేను రాసింది ఎవరు చదువుతారు అని అడగండి.

నల్లరేగడి · సోమవారం, మధ్యాహ్నం 1.50

అక్కా, మీ రెండో ప్రశ్నకు నేను ఉన్నాను. ఇగ్నోలో, అంటే ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, ఎం.ఏ. చరిత్ర, బస్సు డిపోలో ఉద్యోగం చేస్తూ మూడున్నరేళ్ళలో పూర్తి చేశాను. రెండేళ్ళ కోర్సుకు నాలుగేళ్ళ దాకా గడువు ఇస్తారు కాబట్టి బతికిపోయాను.

మీరు లెక్కల మనిషి కాబట్టి లెక్కలోనే చెబుతాను. అక్కడ ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల చదువు. నేను చేరినప్పుడు ఒక్కో పేపరు ఎనిమిది క్రెడిట్లు, అంటే 240 గంటలు. ఏడాదికి నాలుగు పేపర్లు, 960 గంటలు. పండుగ, పబ్బం, జ్వరం ఏమీ లేకుండా రోజూ రెండున్నర గంటల పైనే. దరఖాస్తు నింపేటప్పుడు ఈ గుణకారం ఎవరూ చేయరు. నేను చేయలేదు. మొదటి జూన్‌లో నాలుగు పేపర్లకు కూర్చుని రెండు పోగొట్టుకున్నాను. ఆ తరువాత జూన్‌లో రెండు, డిసెంబరులో రెండు అని పంచుకున్నాను.

అసైన్‌మెంట్లకు ముప్పై శాతం, పరీక్షకు డెబ్బై. పేపరుకు అయిదు ప్రశ్నలు, ఒక్కొక్క దానికి అయిదు వందల పదాలు, చేత్తో రాయాలి. మొదట్లో విసుగు పుట్టింది. తరువాత తెలిసింది, పరీక్ష హాలులో మూడు గంటలు ఆగకుండా రాసే చెయ్యి అక్కడే తయారవుతుంది.

అన్నిటికంటే గట్టి పేపరు చరిత్ర రచన మీద ఉండేది. రాజులు, యుద్ధాలు ఉండవు. చరిత్రను ఎవరు, ఎప్పుడు, ఏ దృష్టితో రాశారన్నదే విషయం. ఏది నమ్మాలో తేల్చుకునే పద్ధతి అన్నారు చూడండి, మీకు కావలసింది సరిగ్గా అది.

చేరే ముందు ఒక పని చేయండి. ఇగ్నో పుస్తకాలు దాని ఆన్‌లైన్ పుస్తక భాండారం ఇ–జ్ఞానకోశ్‌లో ఉచితంగా ఉన్నాయి. ఒక యూనిట్ దించుకుని చదివి, మూసేసి, అయిదు వందల పదాలు రాయండి. ఆ రాయడం భరించగలిగితే చేరండి. డబ్బు కట్టాక ఈ పరీక్ష పెట్టుకోవడం కంటే ముందే పెట్టుకోవడం నయం.

మిరపతోట · సోమవారం, రాత్రి 9.55

అందరికీ ధన్యవాదాలు. నల్లరేగడి తమ్ముడూ, నీ లెక్క చూసి గుండె జారింది కానీ, ఇన్నాళ్ళకు ఒకరు నిజం చెప్పారనిపించింది.

నా అసలు భయం ఇంకా చెప్పలేదు. ఇగ్నో చరిత్ర ఎం.ఏ. ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయాలట కదా. నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది. రాయమంటే మాత్రం వోచరు మీద రాసే నాలుగు ముక్కలే వస్తాయి.

కంచుగంట · సోమవారం, రాత్రి 10.20

ఆ ఫోను చేసే ఆయన గురించి నాదొక మాట. నేను అలాంటి ఒకాయన మాట నమ్మి ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ ఎం.ఏ.లో చేరాను. పేరు వద్దు. చేరేదాకా రోజుకు మూడు ఫోన్లు. చేరాక నేను చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. పాఠాలు మంచివే, అబద్ధం చెప్పను. చర్చా విభాగంలో నేను ఏడు ప్రశ్నలు పెట్టాను. ఏడింటికీ ఒకటే జవాబు: "మీ ప్రశ్నకు ధన్యవాదాలు, దయచేసి మూడో మాడ్యూల్ చూడండి." అందులో ఒక ప్రశ్న మూడో మాడ్యూల్‌లో ఉన్న తప్పు గురించే!

తేమ్స్‌ఒడ్డు · మంగళవారం, ఉదయం 4.10

ఇక్కడ ఇంకా రాత్రే, అందుకే ఈ వేళలో రాస్తున్నాను. నేను బ్రిటన్‌లో నర్సుగా పని చేస్తూ ఇక్కడి ఓపెన్ యూనివర్సిటీలో ఆర్ట్స్ డిగ్రీ చదువుతున్నాను. 1969లో పుట్టిన విశ్వవిద్యాలయం, 1971 జనవరిలో మొదటి విద్యార్థులు చేరారు. ఒకప్పుడు పాఠాలు బీబీసీలో అర్ధరాత్రి, తెల్లవారుజామున వచ్చేవట. నాతో పనిచేసే ఒక పెద్దావిడ వంటగదిలో టీవీ శబ్దం తగ్గించి, పిల్లలు లేవకుండా పాఠం వినేదాన్నని చెబుతుంది. ఆ ప్రసారాలు 2006 డిసెంబరులో ఆగిపోయాయి.

ఎర్రసిరా మాష్టారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ అసైన్‌మెంటును ట్యూటరు దిద్దుతారు, దిద్దడం అంటే మార్కు వేయడం కాదు. నా మొదటి వ్యాసం వెనక్కి వచ్చినప్పుడు నేను రాసినదానికి దాదాపు సగం పొడవున్న వ్యాఖ్యలు ఉన్నాయి. ఒకచోట, "ఈ వాక్యం అందంగా ఉంది, కానీ ఏమీ చెప్పడం లేదు" అని రాశారు. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు చదువుకుంటే, నిజంగానే ఏమీ చెప్పడం లేదు.

ఉక్కుపిడుగు · మంగళవారం, ఉదయం 6.20

తేమ్స్‌ఒడ్డు గారూ, అక్కడ ఒక ట్యూటరుకు పిడికెడు మంది విద్యార్థులు. ఇక్కడ మాష్టారు ముందు కట్టలు కట్టలు. పోలిక కుదరదు. పైగా ఇప్పుడు జిరాక్సు దుకాణం కూడా అక్కరలేదు, ప్రశ్న పెడితే కంప్యూటరే అయిదు వందల పదాలు రాసి ఇస్తుంది. రాసేది యంత్రం, దిద్దేది అలసిపోయిన మనిషి. ఇందులో చదువు ఎక్కడుంది?

ఎర్రసిరా · మంగళవారం, ఉదయం 8.45

మీరు అడిగింది సరైన ప్రశ్నే. యంత్రం చేత రాయించినవాడికి మార్కులు రావచ్చు. పరీక్ష హాలులో డెబ్బై శాతం దగ్గర దొరికిపోతాడు, అదీ పరీక్ష పెన్నుతో రాసేదైతే. నేను ఇంకా కాగితం మనిషిని కావడానికి అదొక కారణం.

మిరపతోట గారూ, భాష గురించి. ఈ దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన దగ్గరే పుట్టింది, 1982లో, నాగార్జునసాగర్‌లో. తరువాత హైదరాబాదు వచ్చింది, 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దాని మొదటి ఉపకులపతి జి. రామిరెడ్డి గారినే 1985లో ఇగ్నో పెట్టినప్పుడు అక్కడికీ మొదటి ఉపకులపతిగా తీసుకువెళ్ళారు. ఢిల్లీ పాఠానికి ముందు మన ఊళ్ళో అభ్యాసం జరిగిందన్నమాట. ఇంటర్ కూడా లేనివాళ్ళకు అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకున్న రోజులవి. తాపీమేస్త్రీలు, ఏఎన్ఎంలు, ఆర్టీసీ కండక్టర్లు ఆ పరీక్ష రాసి వచ్చి నా తరగతిలో కూర్చున్నారు.

ఆ విశ్వవిద్యాలయం డిగ్రీ చరిత్ర పుస్తకాలు తెలుగులో ఉన్నాయి. గ్రూప్స్ రాసే పిల్లలు వాటికోసం పాత పుస్తకాల దుకాణాల్లో వెతుకుతారు. ముందు అవి చదవండి. విషయం తెలుగులో కుదురుకున్నాక ఇంగ్లీషు వాక్యం అంత భయపెట్టదు. తెలియని విషయాన్ని తెలియని భాషలో చదవడమే అసలు కష్టం. ఎం.ఏ. అక్కడ చేస్తారా, ఇగ్నోలో చేస్తారా అన్నది తరువాత చూడవచ్చు.

ఈలోగా ఒక పని. మీ అబ్బాయి అడిగిన ప్రశ్నకే ఒక చిన్న జవాబు తెలుగులో రాసి ఇక్కడ పెట్టండి. నేను దిద్దుతాను. నాకూ చేతులు ఊరికే ఉన్నాయి.

వెన్నెలగది · మంగళవారం, మధ్యాహ్నం 12.30

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నేను ఎం.ఏ. సైకాలజీ దూరవిద్యలో చేయాలనుకుంటున్నాను. ఎక్కడ బాగుంటుంది?

సాగర్‌కాలువ · మంగళవారం, మధ్యాహ్నం 12.55

ఎక్కడా కుదరదండీ. 2025 జూలై–ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీ, న్యూట్రిషన్ వంటి ఆరోగ్య రంగ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చేర్చుకోకూడదని యూజీసీ చెప్పింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి అవి వస్తాయి. ఎవరైనా ఇప్పటికీ సీటు ఇస్తామంటే, పైన కంచుగంట గారి కథ ఇంకోసారి చదవండి. రెగ్యులర్‌గా చేయగలిగితే చేయండి. 2022 నుంచి రెండు కోర్సులు ఒకేసారి చదవడానికి అనుమతి ఉంది కాబట్టి దానితో పాటు సోషియాలజీ లాంటిది దూరవిద్యలో పెట్టుకోవచ్చు.

మిరపతోట · గురువారం, రాత్రి 11.35

మాష్టారూ, మూడు రాత్రులు పట్టింది. నవ్వకండి. నేలకొండపల్లి గురించి నాకు దొరికింది తక్కువ, అందుకని శాసనాలు ఎక్కువగా ఉన్న నాగార్జునకొండ తీసుకున్నాను.

"మూడవ శతాబ్దంలో విజయపురి నుంచి పాలించిన ఇక్ష్వాకు రాజులు వైదిక యజ్ఞాలు చేశారు. శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. కానీ అదే ఊళ్ళో మహాచైత్యానికి (పెద్ద స్తూపానికి) దానం ఇచ్చింది అతని చెల్లెలు శాంతిశ్రీ. బోధిశ్రీ అనే ఉపాసిక (సంసారంలో ఉంటూ బౌద్ధాన్ని పాటించే స్త్రీ) కూడా కట్టడాలు ఇచ్చింది. రాజులు యజ్ఞాలకు ఖర్చు పెడితే, రాజకుటుంబంలోని స్త్రీలు, ఇతర ధనవంతులైన స్త్రీలు భక్తితో స్తూపాలకు ఖర్చు పెట్టారు. దాన శాసనం మా ఆఫీసు వోచరు లాంటిది. ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, దేనికి ఇచ్చారు, ఏ సంవత్సరం అన్నీ ఉంటాయి. కృష్ణానది లోయలో వర్తకం బాగా సాగినందువల్ల వాళ్ళ దగ్గర డబ్బు ఉంది. కాబట్టి స్తూపానికి డబ్బు పెట్టింది ఎక్కువగా ఆడవాళ్ళే."

ఎర్రసిరా · శుక్రవారం, ఉదయం 7.10

నవ్వలేదు. రెండుసార్లు చదివాను. ఇక ఎర్రసిరా.

ఒకటి. "చెల్లెలు" అన్నారు. సోదరి అని మనకు తెలుసు. చెల్లెలో అక్కో మీరు ఎక్కడ చూశారు? తెలుగులో ఈ చిక్కు ఉంది, మన భాష వయసు చెప్పనిదే ఊరుకోదు. తెలియనప్పుడు "సోదరి" అనండి.

రెండు. "భక్తితో" అన్నారు. వోచరు మీద భక్తి అని ఖాతా ఉంటుందా? శాంతిశ్రీ శాసనంలో తన రెండు కుటుంబాలకు ఇహపరాల మేలు, తనకు నిర్వాణం కోరుకుంది. మరో శాసనంలో అల్లుడైన రాజుకు ఆయుస్సు, జయం కోరుకుంది. ఆ అల్లుడు వీరపురుషదత్తుడు, శాంతమూలుడి కొడుకు, అంటే ఆమెకు మేనల్లుడు కూడా. మేనరికం! భక్తి ఉండవచ్చు. కానీ ఇల్లు, రాజ్యం, పుణ్యం అన్నీ ఒకే దానంలో కలిసి ఉన్నాయి. శాసనంలో ఉన్నది రాయండి, తరువాత మీ ఊహను ఊహగా రాయండి.

మూడు. "కాబట్టి" దగ్గర ఆగండి. మీరు చూపింది ఇద్దరు దాతలను. ఇద్దరితో "ఎక్కువగా ఆడవాళ్ళే" అని తేల్చగలరా? మొత్తం దాతలు ఎంతమంది, అందులో స్త్రీలు ఎంతమంది? లెక్కల మనిషి ఈ పొరపాటు చేయడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

నాలుగు. వోచరు పోలిక మీ సొంతం. ఏ గైడులోనూ లేదు. దాన్ని మొదటి వాక్యానికి తెచ్చి, జవాబంతా దాని మీద కట్టండి. ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, ప్రయోజనం, తేదీ. ఏ గడి ఖాళీగా ఉందో అదే అసలు ప్రశ్న అవుతుంది.

మార్కులు ఇరవైకి తొమ్మిదిన్నర.

నల్లరేగడి · శుక్రవారం, ఉదయం 7.45

మాష్టారి దగ్గర తొమ్మిదిన్నర అంటే జిరాక్సు దుకాణం దగ్గర పద్దెనిమిది అక్కా. నా మొదటి అసైన్‌మెంటు మీద "చూడబడినది" అని ఒక ముద్ర, అంతే. ఎవరు చూశారో, ఏమి చూశారో ఈనాటికీ తెలియదు.

మిరపతోట · శుక్రవారం, రాత్రి 10.15

"ఇద్దరితో ఎలా తేల్చారు" అన్న దగ్గర సిగ్గుపడ్డాను మాష్టారూ. ఆఫీసులో రెండు బిల్లులు చూసి నెల ఖర్చు చెప్పినవాళ్ళను నేనే కోప్పడతాను.

జూలై దాకా ఎక్కడా డబ్బు కట్టను. ముందు తెలుగు పుస్తకాలు. రేపు సెలవు, పాత బస్టాండు దగ్గరి పాత పుస్తకాల దుకాణానికి వెళుతున్నాను. రోజుకు రెండున్నర గంటలు కుదరదు కానీ, ఉదయం అయిదు నుంచి ఆరున్నర వరకు నాదే. మా ఆయన టీ తానే పెట్టుకుంటానన్నారు, చూడాలి. నాగార్జునకొండ దాతల పట్టిక ఒకటి ఎక్సెల్‌లో మొదలుపెట్టాను. నాలుగు గడులు. ఇప్పటికి ఆరు వరసలు నిండాయి. రెండింటిలో "పుచ్చుకున్నవారు" గడి ఖాళీగా ఉంది. దానికి ఏమి రాయాలి?

ఎర్రసిరా · శుక్రవారం, రాత్రి 10.30

ఖాళీగానే ఉంచండి. శాసనం ఆ చోట విరిగిపోయిందా, లేక రాయనే లేదా, అది పక్క గడిలో రాయండి. రెండూ ఒకటి కావు.

ఉక్కుపిడుగు · శనివారం, ఉదయం 6.05

మిరపతోట గారూ, ఆ పట్టిక ఇక్కడ పెడతారా? మా సొంత ఊరు అమరావతి పక్కనే. అక్కడి దాతలతో పోల్చి చూడాలని ఉంది. పార్సిల్ ఇంకా విప్పలేదు, అడగకండి.